అరికాలు చెప్పని మాట

"అమ్మాయి ఏం చదువుతోంది మాస్టారూ?"

ఒంటి మోకాలి మీద కూర్చుని బ్యాంకు ఉద్యోగి ప్యాంటు పొడవు కొలుస్తున్న దర్జీకి ఈ ప్రశ్న కొత్తది కాదు. పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి, ప్యాంటు అంచుకు గుచ్చి, తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"నర్సింగండీ."

"భేష్! మంచి చదువు. ఇంటికొకళ్ళు ఉండాలి అలాంటివాళ్ళు."

"ఏదో, మీ అభిమానం."

కొట్టు మూలన పీట మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న అమ్మాయి దారం పుటుక్కున తెంపింది. తెంపవలసిన చోటు అది కాదు. విసుక్కుంటూ మళ్ళీ సూదిలోకి ఎక్కించుకుంది. ఆమె చదువుతున్నది నర్సింగు కాదు. ఆ సంగతి తండ్రికి తెలుసు, వెనకగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న తల్లికి తెలుసు. తెలియనిది బయటివాళ్ళకే. వాళ్ళకు తెలియకుండా చూసుకోవడం ఆ ఇంట్లో ముగ్గురికీ అదనపు పని అయి కూర్చుంది.

అబద్ధం చిన్నదే. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి కడుపూ కొట్టలేదు. ఇలాంటివి మన ఇళ్ళల్లో ఎన్ని లేవు చెప్పండి! పరువుకు అడ్డం పెట్టుకునే తెరలు మనందరికీ ఉన్నాయి. కానీ ఈ ఒక్క తెర ఆ కుటుంబాన్ని ఎక్కడిదాకా తీసుకుపోయిందో తెలిస్తే, మన తెరలనూ ఒకసారి తీసి చూసుకోవాలనిపిస్తుంది. అందుకే ఈ కథ.

ఆ అమ్మాయిని ఇంట్లో 'గాభరా' అని పిలిచేవారు. చిన్నప్పుడు తండ్రి ముద్దుకు పెట్టిన పేరు, పెద్దయినా వదల్లేదు. బస్సు రాకముందే లేచి నిలబడేది. అవతలివాళ్ళు మాట పూర్తి చేయకముందే "తెలిసింది, తెలిసింది" అనేది. కూర్చుంటే కాలు ఆడించేది, నిలబడితే గోళ్ళు కొరికేది. నర్సింగులో సీటు రాకపోయేసరికి, ఎవరో చెప్పారని పాదాల సంరక్షణ నేర్పే శిక్షణాలయంలో చేరిపోయింది. చేరాక వచ్చి ఇంట్లో చెప్పింది.

తండ్రి మిషను తొక్కడం ఆపేశాడు.

"కాళ్ళ గోళ్ళు తీసే చదువా?"

"గోళ్ళే కాదు నాన్నా. పుండ్లు, ఆనెకాయలు, షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు... అన్నీ. ఆసుపత్రుల్లో ఉద్యోగాలుంటాయట."

"నా బతుకంతా జనం కాళ్ళ దగ్గరే తెల్లారిపోయిందే గాభరా. వంగడం, కొలవడం, లేవడం. నా పిల్ల దర్జాగా కుర్చీలో కూర్చుని పనిచేస్తుందనుకున్నాను. నువ్వూ పోయి ఆ కాళ్ళ దగ్గరే కూర్చుంటానంటే ఎలాగే?" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

తల్లి మధ్యే మార్గం కనిపెట్టింది. "అయ్యో, దానికంత రాద్ధాంతం దేనికండీ? చదవనివ్వండి. అడిగినవాళ్ళకి నర్సింగ్ అని చెప్దాం. ఇదీ ఆసుపత్రి పనేగా!" అంది.

ఆ రోజునుంచి అది నర్సింగయింది.

శిక్షణాలయం మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. బయట బోర్డు మీద ఇంత పెద్ద పాదం బొమ్మ. ఆ బొమ్మే ఆమెకు శత్రువు. రోజూ పొద్దున్నే ఆ మెట్లు దాటి ముందుకు పోయి, పక్క వీధి మొదట ఆగి, తెలిసిన ముఖం ఏదీ లేదని రూఢి చేసుకుని, వెనక్కి వచ్చి చప్పున మెట్లెక్కేసేది. దొంగతనానికి వెళ్ళేవాళ్ళకైనా అంత హడావిడి ఉండదేమో.

మొదటి రోజు తరగతిలో పెద్ద మేడమ్ అందరినీ చెప్పులు, బూట్లు, సాక్సులు విప్పించి ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఆమె జుట్టు నెరిసిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచదు, కాని ఆమె మాట్లాడుతుంటే వెనకబెంచీ వాళ్ళు కూడా గుసగుసలాడరు.

"ఎవరి పాదాలు వాళ్ళ ఎదురున్నవాళ్ళ ఒళ్ళో పెట్టండి."

పిల్లలందరూ సిగ్గుతో చచ్చిపోయారు. వేళ్ళు ముడుచుకున్నవాళ్ళు, పగిలిన మడమ మీద చెయ్యి కప్పుకున్నవాళ్ళు, "నిన్ననే కడుక్కున్నానండీ" అని ఎవరూ అడగకుండానే సంజాయిషీ ఇచ్చుకున్నవాళ్ళు. గాభరా ఒళ్ళో పాదాలు పెట్టిన పిల్ల పేరు రిజిస్టర్లో ఏదో ఉంది గానీ, మధ్యాహ్నానికల్లా అందరూ ఆమెను 'కబుర్లు' అనేశారు. నోరు మూతపడితే ఒట్టు.

"మీ ముఖం రోజుకు చాలాసార్లు చూసుకుంటారు. మీ అరికాలు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?" అని అడిగింది మేడమ్.

"చెప్పు తెగినప్పుడు మేడమ్!" అంది కబుర్లు.

అందరితో పాటు మేడమ్ కూడా నవ్వింది. నవ్వి, "ఈ పిల్ల నిజం చెప్పింది. మనుషులు పాదం వంక చూసేది నడక ఆగిపోయినప్పుడే. అప్పటికి మన పని సగం చెడిపోయి ఉంటుంది," అంది.

చదువు గాభరా అనుకున్నంత తేలిక కాదు. ప్లాస్టిక్ ఎముకల పాదాన్ని విడదీసి మళ్ళీ పేర్చడం, గోరు మూలలు లోపలికి పెరగకుండా తిన్నగా కత్తిరించడం, ఆనెకాయను బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తూ ఎక్కడ ఆపాలో చేతికి తెలియడం. కత్తెర్లు, పట్టకార్లు కడిగి ఆవిరి పెట్టెలో పెట్టడం. మొదటి అంతస్తులో ఉన్న కింది గదిలో రోజూ కొంతసేపు రోగులను చూసేవారు. వంటవాళ్ళు, డ్రైవర్లు, రోజంతా నిలబడే అమ్మకాల పిల్లలు వచ్చేవారు. గాభరా చెయ్యి చురుకైనది. అందరికంటే ముందు ముగించేది. "నీ చెయ్యి మంచిదే, నువ్వే దాని వెంటపడి తరుముతున్నావు," అనేది మేడమ్. ఆ మాటకు ఆమె "సరే మేడమ్" అని, ఇంకా తొందరగా తల ఊపేది.

ఒకరోజు స్పర్శ పరీక్ష పాఠం. షుగర్ ముదిరితే పాదాల నరాలు మొద్దుబారిపోతాయి. కాలినా, కోసుకున్నా, గుచ్చుకున్నా మనిషికి తెలియదు. ఆ మొద్దుబారడాన్ని ముందే పట్టుకోవడానికి చిన్న సాధనం ఉంది. పెన్ను లాంటి పిడికి బిగించిన సన్నటి నైలాన్ పోగు. రోగిని కళ్ళు మూసుకోమని, ఆ పోగును అరికాలి మీద వంగేదాకా ఆనించాలి. తెలిసిన ప్రతిసారీ రోగి "ఆఁ" అనాలి.

మేడమ్ చెబుతూ ఉండగా, తరగతి తలుపు అద్దంలోంచి గాభరాకు వరండా బెంచీ కనిపించింది. బెంచీ మీద బ్యాంకు ఉద్యోగి! మడమ నొప్పని చూపించుకోవడానికి వచ్చి, పేరు రాయించుకోవడానికి పైకి ఎక్కినట్టున్నాడు. "మేడమ్, బాత్రూమ్" అని వంక పెట్టి, వెనక తలుపులోంచి జారుకుని, కత్తెర్లు కడిగే గదిలో ఆవిరి పెట్టె పక్కన నక్కి కూర్చుంది. అతను వెళ్ళిపోయాడని నిర్ధారణ అయ్యేదాకా కదల్లేదు. వచ్చేసరికి పాఠం అయిపోయింది.

"ఏం చెప్పారే తర్వాత?"

"ఏముందే! అక్కడక్కడా ఆనించడం, ఆఁ అంటే రాసుకోవడం. పిల్లలాట," అంది కబుర్లు, టీ కోసం పరుగెత్తుతూ.

"తెలిసింది, తెలిసింది," అంది గాభరా.

ఇంట్లోవాళ్ళ మీద సాధన చేసి రమ్మన్నారు. ఆదివారం కొట్లో రద్దీ తక్కువ. తండ్రికి షుగర్ ఉంది, చాలా ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాడు. గాభరా అతని మిషను ముందు చతికిలబడింది.

"నాన్నా, కాళ్ళు ఇటివ్వు."

"ఛ, లే పైకి! ఎవరైనా వస్తే?"

"షట్టర్ సగం దించాను. అయిదు నిమిషాలు, అంతే."

గొణుక్కుంటూనే బూట్లు విప్పాడు. పోగును చూసి దర్జీ బుద్ధి పోనిచ్చుకోలేదు. "ఇదేం దారమే? నాకిస్తే ప్యాంటు అంచులు కుట్టేస్తానుగా," అన్నాడు. నవ్వుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఆనించింది, తీసింది. ఆనించింది, తీసింది. త్వరగా అయిపోవాలి, అమ్మ భోజనానికి పిలుస్తోంది. చెయ్యి ఒక లయలో పడిపోయింది.

"ఆఁ... ఆఁ... ఆఁ..."

తండ్రి జవాబులు మిషను పెడలు కదిలినంత సమంగా వచ్చాయి. ఒక్కటీ తప్పలేదు. గాభరా సంతోషం పట్టలేక లేచి నిలబడింది. "నీ పాదాలకేం నాన్నా, భేషుగ్గా ఉన్నాయి. నూటికి నూరు!"

"చూశావటే, మీ నాన్నకు నూటికి నూరట," అని తండ్రి భార్యను పిలిచి మరీ చెప్పాడు. ఆ ఒక్క ఆదివారం అతనికి ఆ చదువు మీద చిన్నచూపు కాస్త తగ్గిందనే చెప్పాలి.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున తల్లి బట్టలు నానబెడుతూ, "మీ సాక్సుకి ఈ మరకేంటండీ?" అంది.

"మొన్న ఎర్ర లైనింగు గుడ్డ కత్తిరించాను. దాని రంగు దిగి ఉంటుంది."

"కాలికేం కాలేదుగా?"

"నొప్పే లేదు, కాలికేమవుతుంది! అయినా మన డాక్టరమ్మ చూసి సర్టిఫికెట్ ఇచ్చేసిందిగా."

గాభరా అప్పటికే గుమ్మం దాటుతోంది. మరక అన్న మాట చెవిన పడింది. ఒక క్షణం ఆగింది కూడా. బస్సు హారన్ వినబడేసరికి, "నేను చూశానుగా అమ్మా, బాగానే ఉంది!" అని అరిచి పరుగెత్తింది. బస్సులో కూర్చున్నాక కూడా మనసులో ఏదో గుబులుగా అనిపించింది. ఎందుకో తెలియలేదు. ఆ రోజంతా చేతిలో పని చేతిలో నిలవలేదు. కత్తెర జారవిడిచి తిట్లు తింది.

మర్నాడు కింది గదికి ఒక పెద్దాయన వచ్చాడు. హోటల్లో వంట చేసి మానేసిన మనిషి, షుగర్ రోగి. మేడమ్ గాభరాను పిలిచి స్పర్శ పరీక్ష చేయమంది. ఆమె చకచకా చేసింది. ఆనించింది, తీసింది. పెద్దాయన "ఆఁ... ఆఁ" అంటూ బుద్ధిగా జవాబిచ్చాడు.

"అన్నీ తెలుస్తున్నాయి మేడమ్. నార్మల్."

మేడమ్ పోగు అందుకుంది. "తాతగారూ, ఇంకొక్కసారి కళ్ళు మూసుకోండి," అంది. పోగును పాదానికి జానెడు దూరంలో గాలిలో పట్టుకుంది. ఆనించనే లేదు. ఊరికే గాభరా చేసినట్టే చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి, తెల్లకోటు చేతిమడత కాస్త చప్పుడయ్యేలా కదిపింది.

"ఆఁ," అన్నాడు పెద్దాయన. "ఆఁ... ఆఁ..."

పిల్లలు కిసుక్కున నవ్వారు. కబుర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకండి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఈ పిల్ల తాళం వేసింది, ఆయన తాళం అందుకున్నాడు. అందుకే ఆ రోజు అన్నిసార్లు చెప్పాను. లయలో ఆనించకూడదు. మధ్యలో ఆగాలి, ఆనించకుండా కూడా చూడాలి," అని మేడమ్ గాభరా వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు..."

గాభరా అక్కడ లేదు. చేతి తొడుగులు కూడా తీయకుండా మెట్లమీద పరుగెడుతోంది.

ఆమె చెవుల్లో ఒకటే మోత, ఆ ఆదివారం నాన్న అన్న ఆఁ... ఆఁ... మిషను పెడలులా సమంగా, ఒక్కటీ తప్పకుండా. అమ్మ పట్టుకున్న సాక్సు. ఎర్ర లైనింగు. లైనింగు గుడ్డ రంగు బూటు లోపలికి ఎలా పోతుంది? ఈ ప్రశ్న నిన్న పొద్దున్నే ఎందుకు తట్టలేదు? బస్సు కోసం నిలబడలేకపోయింది. నడిచింది, పరుగెత్తింది, మళ్ళీ నడిచింది. తొడుగుల్లో చేతులు చెమటతో తడిసిపోయాయి.

కొట్లో తండ్రి మిషను తొక్కుతూనే ఉన్నాడు. బల్ల ముందు ఇద్దరు ఖాతాదారులు నిలబడి ఉన్నారు. అందులో ఒకరు ఆ బ్యాంకు ఉద్యోగే.

"నాన్నా, బూట్లు విప్పు."

"ఏంటే ఆ అవతారం? ఇప్పుడా? జనం ఉన్నారు..."

"విప్పు నాన్నా!"

"ఏమిటమ్మా నర్సమ్మా, అంత కంగారు?" అన్నాడు బ్యాంకు ఉద్యోగి, నవ్వుతూ.

"నేను నర్సును కాదండీ," అంది గాభరా. ఆ మాట అంత సులువుగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "పాదాలు చూసే చదువు చదువుతున్నాను. మీరు వచ్చారే, ఆ పాదం బొమ్మ ఉన్న బడి, అక్కడే. ఆ రోజు మిమ్మల్ని చూసి దాక్కున్నాను." మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి బూటు లేసులు తనే లాగేసింది.

సాక్సు అరికాలికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా తీసింది. బొటనవేలి మొదట్లో చర్మం ఊది, నల్లబడి, మధ్యలోంచి చీము కారుతోంది. వాసన కొట్టంతా వ్యాపించింది. బూటును తిరగేసి చూసింది. అరిగిపోయిన అడుగున గుండుసూది తల మెరుస్తోంది. లోపల చెయ్యి పెడితే మొన తగిలింది. ఎన్నాళ్ళనుంచో ఆ సూది మీదే అతను నడిచాడు, నిలబడ్డాడు, మిషను తొక్కాడు.

"నొప్పే లేదే గాభరా," అన్నాడు తండ్రి, తన కాలిని ఎవరిదో పరాయి వస్తువును చూస్తున్నట్టు చూస్తూ. "నిజంగా నొప్పి లేదే."

ఆమె గాయాన్ని నొక్కలేదు, పిండలేదు. శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టింది. "కాలు కింద పెట్టకు," అంది. బ్యాంకు ఉద్యోగి వెంటనే వెళ్ళి ఆటో తెచ్చాడు.

పాదం దక్కింది. బొటనవేలు దక్కలేదు. ఇంకొంత ఆలస్యమై ఉంటే మోకాలి దాకా వెళ్ళేదని సర్జన్ చెప్పాడు. గాభరా ఆసుపత్రి వరండాలో ఆ చివరినుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంది. తల్లి కూర్చోమంటే కూర్చోలేదు, తినమంటే తినలేదు. తండ్రికి తెలివి వచ్చాక మంచం పక్కకు వెళ్ళి భోరుమంది.

"నావల్లే నాన్నా. నేను సరిగ్గా చూడలేదు. నీకు స్పర్శ తెలుస్తోందని నేనే చెప్పాను."

తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెలియలేదే ఆ రోజు. ఒకటో రెండో తగిలినట్టు అనిపించింది, మిగతావి లేదు," అన్నాడు.

గాభరా ఏడుపు ఆగిపోయింది. "మరి ఆఁ అన్నావుగా!"

"అన్నాను. నీ చెయ్యి ఎప్పుడు వస్తుందో పసిగట్టి అన్నాను. తెలియట్లేదంటే నువ్వు కంగారుపడతావని. నీ పరీక్ష పాడవుతుందని. ఇంకా చెప్పాలంటే..." దుప్పటిని కాలి మీదికి లాక్కున్నాడు. "కాళ్ళు మొద్దుబారిపోయాయంటే, ఇంక మిషను తొక్కొద్దంటారని భయమేసింది. నా మీద నాకే సిగ్గేసింది."

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక అబద్ధం ఇద్దరూ కలిసి ఊరికి చెప్పారు, ఇంకొకటి తండ్రి పరీక్షకు చెప్పాడు. రెండూ ప్రేమతో చెప్పినవే. సూదికి మాత్రం అవేవీ పట్టలేదు.

తండ్రి ఇంటికి వచ్చాక గాభరా శిక్షణాలయానికి వెళ్ళింది. చదవడానికి కాదు. పెద్ద మేడమ్ గదిలో నిలబడి, ఆ రోజు కత్తెర్ల గదిలో దాక్కున్న సంగతితో సహా జరిగిందంతా చెప్పి, "మానేస్తాను మేడమ్. సొంత తండ్రి కాలే చూడలేకపోయాను, ఊళ్ళో వాళ్ళవి ఏం చూస్తాను?" అంది.

మేడమ్ ఓదార్చలేదు. "కూర్చో," అంది. గాభరా కుర్చీ అంచున కూర్చుంది. కాలు ఆడిస్తూనే ఉంది.

"తప్పు చేశావు. చిన్న తప్పు కాదు. లేదని నేను అనను. కానీ ఆ తప్పు ఎక్కడ మొదలైందో ఆలోచించావా? పోగు పట్టుకున్నప్పుడు కాదు. పాఠం వదిలేసి కత్తెర్ల గదిలో దాక్కున్నప్పుడు. నువ్వు చేసే పని నీకే చిన్నతనంగా ఉంటే, దాన్ని సగమే నేర్చుకుంటావు. ఆ సగం చదువు రోగిని చంపుతుంది."

గాభరా తల దించుకుంది.

"నువ్వు మానేస్తే నీకు తెలిసింది నీతోనే పోతుంది. ఉంటే, ఇక ఏ రోగి ఆఁ అన్నా నువ్వు ఊరికే నమ్మవు. అలాంటివాళ్ళు నాకు కావాలి. ఇక నీ ఇష్టం. ఏడవాలంటే పక్కగదిలో ఏడువు, ఇక్కడ రోగులు వస్తారు."

ఆమె పక్కగదిలోకి వెళ్ళి ఏడ్చింది. ముఖం కడుక్కుని, తొడుగులు వేసుకుని కిందికి దిగింది.

చివరి పరీక్ష దగ్గరపడింది. ప్రతి విద్యార్థీ ఒక మనిషిని తెచ్చుకుని, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు పాదాలు పరీక్షించి చూపించాలి. ఎవరిని తీసుకెళ్ళాలా అని గాభరా సతమతమవుతుంటే, తండ్రి చేతికర్ర అందుకుని, "నేను రానా?" అన్నాడు.

"అందరూ చూస్తారు నాన్నా."

"చూడనీ. చూడకే కదా ఇంత జరిగింది."

పరీక్ష రోజు గదినిండా విద్యార్థులు, వాళ్ళ మనుషులు. ఎత్తుకుర్చీలో కూర్చుని దర్జీ స్వయంగా సాక్సులు విప్పాడు. నాలుగు వేళ్ళే ఉన్న పాదం అందరి ముందూ బయటపడింది. ఎవరో చూపు తిప్పుకున్నారు. అతను తిప్పుకోలేదు.

గాభరా ముందు బూట్లు అందుకుని లోపల చెయ్యి పెట్టి తడిమింది. వేళ్ళ సందులు చూసింది. పోగును మొదట అతని మోచేతి మీద ఆనించి, "ఇలా ఉంటుంది. కళ్ళు మూసుకో. తెలిస్తేనే చెప్పు," అంది. మొదలుపెట్టింది. ఒకచోట ఆనించి ఆగింది. చాలాసేపు ఏమీ చేయలేదు. మళ్ళీ వెంటనే ఇంకోచోట. మళ్ళీ ఆగింది. కబుర్లు కూడా ఊపిరి బిగపట్టి చూస్తోంది.

"ఆఁ," అన్నాడు దర్జీ ఒకసారి. మరోసారి అన్నాడు.

తరువాత పోగు అరికాలి ముందు భాగం మీద వంగింది. అతను మాట్లాడలేదు. కూతురి పరీక్ష, అంతమంది ఎదుట. పెదవులు కదిలాయి. పక్కన నిలబడ్డ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆ మాట గొంతులోనే ఆపుకున్నాడు.

"తెలియట్లేదమ్మా," అన్నాడు పెద్దగా. "అక్కడ నాకేమీ తెలియట్లేదు."

గాభరా చెయ్యి నిలకడగా ఉంది. తొందరపడలేదు. మిగిలిన చోట్లన్నీ అలాగే చూసి, రెండు పాదాలూ తుడిచి, ఆ కాలికి ఏమేం చెయ్యాలో, ఎలాంటి బూట్లు వెయ్యాలో, రోజూ ఎవరు చూడాలో పరీక్షాధికారికి వివరంగా చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా "తెలిసింది" అనలేదు.

పరీక్షాధికారి లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈ పిల్లలకి మీరేమైనా చెప్తారా?" అని అడిగాడు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. అంతమంది చదువుకునేవాళ్ళ ముందు అతను ఎప్పుడూ మాట్లాడలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"నా కూతురు పాదాలు చూస్తుంది. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి నేను వేలు పోగొట్టుకున్నాను. మీరు మాత్రం మా మాటలు నమ్మకండి బాబూ. నొప్పి లేదంటాం, బాగానే ఉందంటాం. పని ఆగిపోతుందని అంటాం, పిల్లలు బాధపడతారని అంటాం, పదిమంది ఏమనుకుంటారోనని అంటాం. మీరు విప్పించి చూడండి. ఎంత ప్రేమించే మనుషులున్నా సరే, దాచిపెట్టిన పుండుని ఎవరూ నయం చేయలేరు."